కండరం ఖర్చు లెక్క తేల్చిన సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెబితే మనకి మందులే గుర్తొస్తాయి. బోదకాలు నివారణకి మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. బిళ్ళ ఆయన నాయకత్వంలో వచ్చినదే. రాజాంలో ఎలక్ట్రానిక్సు చదివే విద్యార్థికి కూడా ఆయన జీవితంలో ఒక పాఠం ఉంది.

1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురయ్యారు. యం.బి.బి.యస్. రాలేదు, ఎల్.యం.యస్.తో సరిపెట్టుకున్నారు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలిగా పనిచేస్తూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1927లో ఒక సంగతి తేల్చారు. కండరం పనిచేస్తే అందులోని ఫాస్ఫోక్రియాటిన్ విరిగిపోతుంది. విశ్రాంతినిస్తే మళ్ళీ కూడుకుంటుంది. 1929లో ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా దాన్ని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు దక్కక, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు.

ఇక యంత్రం సంగతి. పక్షవాతంవల్ల పాదం పైకెత్తలేక ఈడ్చేవారికోసం 1961లో లిబర్సన్ బృందం ఒక విద్యుత్ పరికరం చేసింది. మడమ నేలనుంచి లేవగానే చెప్పులోని స్విచ్చి పనిచేసి, కాలి నరానికి కరెంటు అందుతుంది, పాదం లేస్తుంది. తర్వాత ఇలాంటివి చర్మం కిందే అమర్చసాగారు.

అయితే ఒక చిక్కుంది. మన మెదడు కండరపు పోగులచేత వంతులవారీగా పని చేయిస్తుంది. కరెంటు మాత్రం ప్రతిసారీ అవే పోగుల్ని ఒక్కుమ్మడిగా లేపుతుంది. అందుకే కండరం త్వరగా అలిసిపోతుంది. ఎంత కరెంటు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విరామం అన్నది నియంత్రణ సర్క్యూట్ చూసుకోవాలి. సర్క్యూట్ ఆజ్ఞ ఇవ్వగలదు గాని శక్తి ఇవ్వలేదు. శక్తి సుబ్బారావుగారు చూపిన ఆ ఖాతాలోంచే రావాలి.

ఆ పరికరాలు చూడకుండానే, మళ్ళీ స్వదేశం రాకుండానే, 1948 ఆగస్టులో 53వ ఏట కన్నుమూశారు. రేపు ఇలాంటి యంత్రానికి సర్క్యూట్ గీసే మన మిత్రులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: చేతిలో ములుకోల ఉంటే చాలదు, ఎద్దుకి మేతా విశ్రాంతీ కూడా కావాలి.