ఎత్తుకునేటోడు ఒక్కడు, అందుకునేటోళ్లు ఊరంతా

‘పల్లెటూరి పిల్లగాడా’ పాట మన పోరగాళ్ల ఫోన్లల్ల ఇప్పటికీ ఉంటది. అడిగితే ‘మాభూమి’ సినిమా పాట అంటరు.  పాట అంతకన్నా పాతది, తెలంగాణ సాయుధ పోరాటం నాటిది. రాసింది సుద్దాల హనుమంతు.

1910ల పాలడుగుల పద్మశాలీల ఇంట్ల పుట్టిండు. సుద్దాల ఊరే ఆయన ఇంటిపేరయ్యింది. హైదరాబాద్‌ల సర్కారు ఆఫీసుల చిన్న నౌకరి జేసిండు, అది ఇడిసిపెట్టి ఊరికొచ్చిండు. 1944ల భువనగిరి ఆంధ్రమహాసభకు పోయొచ్చినంక సుద్దాలల సంగం పెట్టిండు.

పాట కట్టుడుల ఆయన తెలివి చూడుండ్రి. కొత్త బాణీ కోసం తిప్పలు పడలే. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం అప్పటికే జనానికి ఎరుక. గొల్లసుద్దులల్ల నడుమ ఒకడు కథ చెప్తడు, పక్కనోళ్లు వంత పాడుతరు. గా కథల దొరను, వెట్టిని తెచ్చి పెట్టిండు. బాణీ తెలిసిందే గనక సదువు రానోళ్లు గూడ ఒక్కసారి ఇంటే చాలు, రెండోసారి అందుకుంటరు. కాయితం దొరికితే పోలీసోళ్లు గుంజుకుంటరు. నాలిక మీదున్న పాటను ఏం జేస్తరు?

‘పల్లెటూరి పిల్లగాడా’ల ఉన్నది జీతమున్న పసులకాపరి పోరడు. అసొంటి పోరలు ఊరూరా ఉండె. అందుకే అది ఒక్కని గొంతుల ఆగలే. ‘వీర తెలంగాణ’ యక్షగానం గూడ ఆయనదే. 1982 అక్టోబర్‌ల కాలం జేసిండు. సినిమా పాటలు రాసే అశోక్‌తేజ ఆయన కొడుకే.

మొన్న పాశమైలారంల ఒక గేట్ మీటింగ్‌ల ఇదే పాట స్పీకర్ల పెట్టినం. పన్నెండు గంటల షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికులు, మనోళ్లు కొందరు, ఒడిశా, బిహార్ పోరగాళ్లు మస్తుమంది. నడుమల కరెంటు పోయింది. పాట ఆగింది. మైకు దగ్గర మేం నలుగురం, యూనియన్లల్ల ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్నోళ్లం. ఒక్కనికీ రెండో చరణం రాలే. నాక్కూడా.

జెరసేపటికి ఒక ఒడిశా పిలగాడు ఆళ్ల ఊరి పాటేదో ఎత్తుకున్నడు. పక్కనున్న ఏడెనిమిదిమంది అందుకున్నరు. మేం చప్పట్లు కొట్టినం. కరెంటు వచ్చినా స్పీకర్ మళ్ల పెట్టలే.