వరద తీసిన తరువాత: క్లారా బార్టన్

నర్సు అనగానే మనందరి నోటికీ ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే వస్తుంది. ఆ మహాతల్లి గొప్పతనాన్ని నేను కాదనను. కాని వరదలూ తుపానులూ వచ్చిన చోట నర్సు చెయ్యవలసిన పనేమిటని మా పిల్లలెవరైనా అడిగితే మాత్రం, క్లారా బార్టన్ జీవితం చదవమంటాను.

1821 డిసెంబరు 25న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టిందావిడ. పదకొండేళ్లప్పుడు, కప్పు మీంచి పడి మంచాన పడ్డ అన్నకు దాదాపు రెండేళ్లు సేవ చేసింది. ఏ నర్సింగ్ స్కూల్లోనూ చదవలేదు. మొదట బడిపంతులమ్మ, తరువాత వాషింగ్టన్ పేటెంటు ఆఫీసులో గుమాస్తా. అంతర్యుద్ధం రాగానే మందులూ గుడ్డలూ బండికెత్తించుకుని యుద్ధభూమికే వెళ్లింది. ఆ కథ పుస్తకాల్లో చాలా ఉంది. నాకు ముఖ్యమనిపించేది ఆమె అరవయ్యేళ్ల ముంగిట నిలబడి మొదలుపెట్టిన పని.

1881లో అమెరికన్ రెడ్‌క్రాస్‌ను స్థాపించింది. రెడ్‌క్రాస్ అంటే అప్పటికి యుద్ధంలో గాయపడినవాళ్ల కోసమే. వరద బాధితుడు మాత్రం బాధితుడు కాడా అని పట్టుబట్టి, దాన్ని ప్రకృతి వైపరీత్యాలకూ మళ్లించింది ఈవిడే.

1889 మే 31న పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ ఆనకట్ట తెగింది. జాన్స్‌టౌన్ పట్నం కొట్టుకుపోయి 2,209 మంది చచ్చిపోయారు. అయిదో రోజుకల్లా అరవై ఏడేళ్ల బార్టన్ అక్కడ దిగింది. చూసి పోవడానికి కాదు, అయిదు నెలలు ఉండిపోయింది. నిలవ నీడ లేనివాళ్లకు పెద్ద పెద్ద చెక్క ఇళ్లు కట్టించి, వేడి భోజనం, పక్కబట్టలు ఏర్పాటు చేసింది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం 1893 ఆగస్టు తుపాను. సౌత్ కరోలినా తీరపు దీవుల్లో వెయ్యి మందికి పైగా పోయారు. మిగిలిన ముప్పై వేల మందిలో దాదాపు అందరూ నల్లవాళ్లు, ఒకప్పటి బానిసలు, వాళ్ల బిడ్డలు. చేతిలో డబ్బు తక్కువ. ఉప్పునీరెక్కిన పొలమంటే ఏమిటో 1977 నవంబరులో దివిసీమను చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఊరూరా కమిటీలు వేయించింది. మగవాళ్ల చేత మురుగుకాలువలు తవ్వించింది, పని చేసినవాళ్లకు తిండిగింజలు ఎక్కువ కొలిపించింది. విత్తనాలు పంచింది. దానంగా వచ్చిన పాతబట్టల్ని ఆడవాళ్లే సంఘాలుగా కూర్చుని కుట్టి బాగుచేసుకున్నారు. మరుసటి ఏడు వేసవి దాకా ఆవిడ కదల్లేదు. సర్వం పోయిన మనిషికి చేతికి పని దొరికితే గుండె నిబ్బరం వస్తుందని ఆమె గ్రహించిందని నా నమ్మకం. మన శిక్షణలో ఈ భాగం ఇంకా పలచగానే ఉందనిపిస్తుంది నాకు.

1900లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌ను తుపాను ముంచెత్తితే డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో అక్కడికీ వెళ్లింది. పంట పోయిన రైతులకు లక్షల కొద్దీ స్ట్రాబెర్రీ మొక్కలు తెప్పించి ఇచ్చింది.

అన్నీ తన చేతిలోనే పెట్టుకుంటుందని, లెక్కలు సరిగా రాయదని ఆమె మీద విమర్శలు వచ్చాయి. అవి పూర్తిగా అన్యాయమని నేననను. 1904లో పదవి వదిలేసింది. 1912 ఏప్రిల్ 12న మేరీల్యాండ్‌లోని గ్లెన్ ఎకోలో తన ఇంట్లోనే కన్నుమూసింది. జాన్స్‌టౌన్‌లో వరద బాధితుల కోసం కట్టించిన బసను విప్పగా వచ్చిన కలపతో కట్టిన ఇల్లది.