కాటన్ దొర: పనిలో కనిపించిన విశ్వాసం

గోదావరి జిల్లాల విద్యార్థులకు కాటన్ దొరగారి గురించి కొత్తగా చెప్పేదేముంటుంది అని ఈ సంచిక తిరగేస్తున్న మిత్రులు అనుకోవచ్చు. నిజమే. మన డెల్టాలో ఏ కాలువ గట్టు వెంట పోయినా ఎక్కడో ఒకచోట ఆయన విగ్రహం కనబడుతుంది. ఏటా మే 15న దానికి దండ వేస్తారు. ఒకరిద్దరు పెద్దలు మాట్లాడతారు. ఆనకట్ట ఎప్పుడు కట్టాడు, ఎన్ని ఎకరాలు తడిశాయి అనేది చిన్నప్పటినుంచీ వింటున్నదే. అయితే ఆ మనిషి ఏం నమ్మి బ్రతికాడు, ఆ నమ్మకం ఆయన చేతి పనిలో ఎలా కనిపించింది అన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో రాదు. నాకు చెప్పాలనిపించింది ఆ సంగతే.

మాది క్రైస్తవ కుటుంబం కాదు. శివారు ఆయకట్టులో కాస్త పొలం ఉన్న రైతు కుటుంబం. మా తాతయ్య దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే కాటన్ దొర పటం ఉండేది. కోనసీమలో కొందరు పురోహితులు స్నాన సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పుకునేవారని కూడా పెద్దలంటారు. ఒక క్రైస్తవుడు, అందులోనూ మనల్ని ఏలిన కంపెనీ వారి ఉద్యోగి, మన పూజగదిలోకి ఎలా వచ్చాడు? నీళ్ళిచ్చాడు కాబట్టి అంటే సరిపోతుందా? నీళ్ళిచ్చిన ఇంజనీర్లు ఇంకా చాలామంది ఉన్నారు కదా.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టాడు. పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనో ఏట కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చేరి, 1821లో మద్రాసుకు వచ్చాడు. అంటే ఇప్పుడు మనలో చాలామందికి ఉన్న వయస్సే. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పనిచేశాడు. యౌవనంలోనే ఆయనకు క్రీస్తు మీద గాఢమైన విశ్వాసం కుదిరింది. బైబిలు చదవడం, ప్రార్థన చేసుకోవడం కడదాకా మానలేదని ఆయన పోయిన మరుసటి ఏడు, 1900లో, కుమార్తె లేడీ హోప్ వెలువరించిన జీవితచరిత్రవల్ల తెలుస్తుంది. ప్రార్థన చేసే అధికారులు ఆ రోజుల్లో ఎందరో ఉండేవారు. ప్రార్థన ముగించి లేచాక ఏం చేశాడు అన్నదే మనం చూడవలసింది.

మొదటగా చెప్పుకోవలసింది ఆయన వినయం. బర్మా నుంచి వచ్చాక కావేరి నది పనులు ఆయన చేతికి వచ్చాయి. అక్కడ చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట ఉంది. రాతి పునాది దొరకని వట్టి ఇసుకలో, వందల ఏళ్ళుగా వరదలకు తట్టుకుని ఎలా నిలబడింది? పెద్ద పెద్ద బండలు ఇసుకలో వేస్తే నీటి ఒరవడికి కింది ఇసుక కోసుకుపోయి బండ దిగుతుంది. దాని మీద మరో బండ వేస్తే అదీ దిగుతుంది. ఇక దిగలేనంత లోతుకు చేరాక అదే పునాది అవుతుంది. మన పూర్వులు కనిపెట్టిన ఈ కిటుకును కాటన్ శ్రద్ధగా పరిశీలించాడు. ఇసుక నేలలో పునాది వేయడం ఈ దేశపు పాతకాలపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని తర్వాత తన రాతల్లో ఒప్పుకున్నాడు. ఏలేవాడు ఏలబడేవాడి దగ్గర విద్య నేర్చుకున్నానని కాగితం మీద పెట్టడం ఆ రోజుల్లో తేలిక కాదు. ఆ విద్యతోనే 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను నిలబెట్టాడు.

ఇక మన సీమ. ఇప్పటి పచ్చదనం చూసి అప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటే. 1832-33 కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను, మధ్యలో వరదలు, పంట పోయిన ఏళ్ళు. గోదారి నిండుగా పారుతూ సముద్రంలో కలుస్తుంటే గట్టు మీద జనం గింజల్లేక చచ్చిపోయారు. పిల్లాపాపలతో వలసపోయారు. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. ఈ పరిస్థితి మీద సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక పంపాడు. దరిమిలా నదిని పరిశీలించే పని కాటన్‌కు అప్పగించారు. ఒంట్లో బాగుండక అంతకుముందే సెలవు మీద ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లెర్మాంత్‌ను పెళ్ళాడి తిరిగివచ్చిన మనిషి ఆయన.

ఆయన రాతల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. నది నీరు సముద్రం పాలు చేస్తూ జనాన్ని ఆకలికి వదిలేసే ప్రభుత్వం తనను తాను క్రైస్తవ ప్రభుత్వమని చెప్పుకోవడం సిగ్గుచేటు అన్నది దాని సారం. ఇందులోనే ఆయన విశ్వాసం మొత్తం ఉందని నాకనిపిస్తుంది. క్రైస్తవం అనే మాటను ఆయన ఎదుటివాడి నెత్తిన రుద్దడానికి వాడలేదు. తనవాళ్ళను నిలదీయడానికి వాడాడు. అయితే కంపెనీ వారు ధర్మం చెబితే కరిగేవాళ్ళు కాదని కూడా ఆయనకు తెలుసు. అందుకే పెట్టుబడి ఎంత, శిస్తు ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్ళలో తిరిగి వస్తుంది అని లెక్కలు కట్టి చూపించాడు. 1846లో లండన్‌లోని డైరెక్టర్లు ఒప్పుకున్నారు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది.

అక్కడ గోదావరి నాలుగు పాయలుగా ఉంటుంది. మధ్యలో లంకలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, అన్నీ కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైగా గోడ కట్టాలి. కింద చూస్తే ఇసుకే. ధవళేశ్వరం కొండ నుంచి రాయి కొట్టి పట్టాల మీద బళ్ళలో దింపారు. పడవల్లో చేరవేశారు. ఇసుకలో ఇటుక బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన బండలు పరిచారు. ఇసుక మీద ఇల్లు కట్టినవాడు అవివేకి అని సువార్తలో ఒక ఉపమానం ఉంది. రోజూ బైబిలు చదివే ఈ మనిషి తన జీవితంలో అతిపెద్ద కట్టడాన్ని ఇసుక మీదే కట్టవలసి వచ్చింది! ఇసుకను బండగా మార్చమని కూర్చుని ప్రార్థించలేదు. ఇసుక గుణమేమిటో తెలుసుకుని పని చేశాడు. సైన్సు విద్యార్థిగా నాకు బాగా నచ్చిన విషయమిదే. ఆయనలో విశ్వాసం వేరుగా, విజ్ఞానం వేరుగా రెండు అరలు లేవు.

వేలమంది కూలీలు. వారిని కూడగట్టి, వారికి జీతాలు ముట్టజెప్పి, పని సాగించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవారు వీణెం వీరన్నగారు. తర్వాత రాయబహదూర్ బిరుదు పొందారు. ధవళేశ్వరం పని గురించి చెప్పేటప్పుడు కాటన్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవడం ఆ పనికే అన్యాయం. 1848లో వడదెబ్బ తగిలి కాటన్ ఆరోగ్యం చెడింది. సెలవు మీద పోవలసి వచ్చింది. ఆ కాలమంతా కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కాటన్ 1850లో తిరిగివచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. సుమారు 15 లక్షల రూపాయలు ఖర్చు. ఆయన దగ్గర పనిచేసిన యువ ఇంజనీరు హేగ్ కోనసీమకు నీరు తీసుకుపోయే గన్నవరం అక్విడక్టు కట్టాడు. పాయ మీదుగా కాలువను దాటించే ఆ కట్టడం అప్పట్లో ఒక వింత.

మత ప్రచారం సంగతేమిటని అడిగేవారుంటారు. దాచిపెట్టనక్కర్లేదు. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు అప్పటికే నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేస్తున్నారు. హేగ్ తర్వాత ఎగువ గోదావరి పనుల మీద దుమ్ముగూడెంలో ఉన్నప్పుడు అక్కడి కోయల మధ్య మిషన్ స్థాపనకు కారకుడయ్యాడు. కాటన్ కూడా మిషన్ పనికి సానుభూతిపరుడే. కానీ నీళ్ళకు ఆయన షరతు పెట్టలేదు. కాలువ నీరు గుడి చెరువుకూ పోయింది, చర్చి ఉన్న పేటకూ పోయింది, మసీదు వీధికీ పోయింది. తన మతం పుచ్చుకున్నవాడి పొలానికి ముందు, పుచ్చుకోనివాడికి వెనక అని వంతులు పెట్టలేదు.

ఆయన్ను దేవుణ్ణి చేసి వదిలేయడం కూడా సరికాదు. కాటన్ ఈ దేశాన్ని ఆంగ్లేయులు ఏలకూడదని అన్నవాడు కాదు. ఆనకట్టవల్ల రైతు గాదె నిండినట్టే కంపెనీ ఖజానా కూడా నిండింది. భూమి ఉన్నవాడికి దక్కినంత ఫలం ఆ రాళ్ళు మోసిన కూలీవాడికి దక్కలేదు. ఆయన అంచనాలూ అన్నీ ఫలించలేదు. గోదావరి మీద ఎగువకు పడవలు నడిపే పథకం 1871లో మూలపడింది. తుంగభద్ర నుంచి తవ్వించిన కర్నూలు-కడప కాలువ కంపెనీకి నష్టాలే మిగిల్చింది. వాటిని చూపించి ఆయన్ను ఎగతాళి చేసినవారు తక్కువేం లేరు.

అప్పుడే ఆయన విశ్వాసానికి అసలు పరీక్ష వచ్చింది. 1860లో ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్ళాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. పేరుంది, పింఛనుంది. హాయిగా కూర్చోవచ్చు. కూర్చోలేదు. రైళ్ళకు కోట్లు పోసి కాలువలను పట్టించుకోవడం లేదని, కరువులో రైలు గింజను మోయగలదే గాని పండించలేదని వాదిస్తూనే పోయాడు. 1876-78 మహా కరువులో దక్షిణ దేశంలో లక్షల ప్రాణాలు పోయాయి. అదే సమయంలో గోదావరి, కృష్ణా డెల్టాలు తాము నిలవడమే కాక ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. ఆయన చెప్పింది నిజమని మన పొలాలే సాక్ష్యం చెప్పాయి. పార్లమెంటు సభ్యుడు జాన్ బ్రైట్, సేవామూర్తి ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన నిలిచారు. అయినా 1878లో విచారణ జరిపిన పార్లమెంటు సంఘం ఆయన మాటను నెత్తిన పెట్టుకోలేదు. డెబ్బై అయిదేళ్ళ వయస్సులో, తాను మళ్ళీ చూడబోని దేశం కోసం, తన బంధువులు కాని జనం కోసం, సొంతవాళ్ళ చేత మాటలు పడ్డాడు. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు.

చివరి రోజులు డార్కింగ్ అనే ఊళ్ళో గడిపాడు. ఆయన కుమార్తె అక్కడి పనివాళ్ళు తాగుడు పాలు కాకుండా ఒక కాఫీ శాల నడిపింది. ఈ ముసలాయన తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ సాగు ప్రయోగాలు చేసేవాడు. పేదవాడి చిన్న కమతంలో ఎక్కువ గింజలు ఎలా పండించాలన్నది ఆ వయస్సులో ఆయన ధ్యాస! 1899 జూలై 24న, 96వ ఏట కన్నుమూశాడు.

ఆయన కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1970లో కొత్త బ్యారేజి పని మొదలై 1982లో పూర్తయింది. 175 గేట్లు. దానికి ఆయన పేరే పెట్టారు. సుమారు పది లక్షల ఎకరాలకు నీరందుతోంది. అయినా దాళ్వాలో మాలాంటి శివారు వాళ్ళకు నీళ్ళు చేరే సరికి నారు ఎండుతుంది. ఎగువన తూము కాస్త ఎక్కువ ఎత్తినవాడూ, బోదె పూడిపోయినా పట్టించుకోనివాడూ, డ్రెయిను ఆక్రమించి చెరువు తవ్వినవాడూ మే 15న విగ్రహానికి దండ వేసే వరసలోనే ఉంటారు. గుడికి వెళ్ళేవాడూ ఉంటాడు, చర్చికి వెళ్ళేవాడూ ఉంటాడు. కింది పొలం వాడికి నీళ్ళు వదలడం తన భక్తిలో భాగమని వాళ్ళలో ఎంతమందికి తోస్తుందో!

మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు ఉపాధ్యాయులు, కొందరు గుమాస్తాలు, కొందరు తిరిగి పొలానికే పోతారు. ఏ దేవుణ్ణి నమ్మాలో ఎవరిష్టం వారిది. కాని నమ్మినదాన్ని లెక్కల పుస్తకంలో, కూలీవాడి జీతంలో, కింది వాడికి రావలసిన వంతులో చూపించవచ్చునని కాటన్ జీవితం చెబుతోంది. ఆయన మతం మనది కానక్కర్లేదు, ఆ నిజాయితీ మాత్రం మనకూ కావాలి. ధవళేశ్వరం ఇక్కడికి దూరం కాదు. ఈసారి సెలవుల్లో పోయినప్పుడు మ్యూజియంలో కాటన్ బొమ్మ చూసి వచ్చేయకుండా, గట్టు మీద కాసేపు నిలబడి దిగువకు పోయే కాలువలను చూడండి. అవి ఎవరి పొలం దగ్గర ఆగిపోతున్నాయో కనుక్కోండి.