సామర్లకోట దొర - విలియం రాక్స్‌బర్గ్

ఎండలు ముదిరితే మన ఎర్రగుంట్లలో నన్నారి షర్బత్ తాగుతాం కదా, అది ఒక తీగ వేరు. అలాగే అడవుల్లో నేలగుమ్మడి అనే మరో తీగ ఉంది. దాని దుంపే ఆయుర్వేదంలోని విదారీకందం. చ్యవనప్రాశలో వేస్తారు. దీనికి దగ్గరి చుట్టమైన తీగ వేరును చైనా వైద్యులు గె-గెన్ పేరుతో జ్వరానికి, మెడ పట్టేసినప్పుడు వేల సంవత్సరాలుగా వాడుతున్నారు. మన నేలగుమ్మడి శాస్త్రీయ నామం వెనక కనిపించే పేరు రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండులో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. తర్వాత సామర్లకోటకు వచ్చి అక్కడ తోట వేశారు. మిరియాలు, కాఫీ, నీలిమందు పెంచారు. అదంతా కంపెనీ లాభం కోసమే, అందులో దాచేదేమీ లేదు.

అయితే ఆయన వాతావరణం లెక్కలు కూడా రాసుకునేవారు. 1790 ప్రాంతంలో వానలు తప్పి ఘోరమైన కరువు వచ్చింది. ప్రజల ఆకలి తీర్చే కొబ్బరి, అరటి వంటివి విరివిగా నాటించాలని ఆయన కంపెనీని కోరారు. కరువు సీమలో పుట్టిన వాళ్ళం కనుక ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, జనం పలికే తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. జ్వరానికి పనికొచ్చే సోమిద చెట్టు బెరడు గురించి 1790లలో లోకానికి తెలియజేశారు. ఆ తెలుగు పేరే తర్వాత ఆ చెట్టుకు శాస్త్రీయ నామం అయ్యింది! కానీ పేరు చెప్పిన వాళ్ళు, దుంప తవ్వి ఇచ్చిన వాళ్ళు, బొమ్మ గీసిన వాళ్ళు ఎవరో మనకు తెలియదు. వాళ్ళలో మన తాతల వంటి కూలీలు ఎందరుండి ఉంటారో!

300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి లండన్‌లో వెలువడింది. 1793లో ఆయన కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళారు. ఆరోగ్యం చెడి 1813లో భారతదేశం విడిచి, 1815లో ఎడిన్‌బరోలో మరణించారు. ఆయన రాసిన ఫ్లోరా ఇండికా పూర్తి గ్రంథాన్ని మిత్రుడు విలియం కేరీ 1832లో శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించారు.