మూలకాలకు హాల్ టికెట్ నంబర్లు ఇచ్చినవాడు

పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్తే పరమాణు సైజు తగ్గుతుంది, అయనీకరణ శక్తి పెరుగుతుంది. ఇంటర్‌లో మనందరం బట్టీ పట్టిందే, ఎంసెట్ అయ్యాక వదిలేసిందే. కానీ ఆ పట్టికలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ప్రయోగం చేసి తేల్చినవాడు మనకంటే ఐదారేళ్లే పెద్ద అని తెలిశాక, నాకు ఆ పాఠం మీద గౌరవం పెరిగింది. అతని పేరు హెన్రీ మోస్లే.

1887లో ఇంగ్లండ్‌లోని వేమత్‌లో పుట్టాడు. నాన్న జంతుశాస్త్రవేత్త. కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే పోయారు. మోస్లే ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1910లో మాంచెస్టర్ వెళ్లి రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు.

అప్పట్లో మూలకాలను పరమాణు భారం ప్రకారం పేర్చేవారు. చిక్కంతా అక్కడే. ఆర్గాన్ భారం 39.95, పొటాషియం 39.10. ఆ లెక్కన పొటాషియమే ముందు రావాలి. అలా పెడితే నీళ్లలో పడగానే మండే పొటాషియం జడవాయువుల వరుసలోకి, దేనితోనూ కలవని ఆర్గాన్ సోడియం కిందకి చేరతాయి! అందుకే గుణాలు చూసి అలాంటి జంటలను అటూ ఇటూ సర్దారు. అసలు వరుస కేంద్రకంలోని ఆవేశానిదని వాన్ డెన్ బ్రోక్ ఊహించాడు. రుజువు మాత్రం లేదు.

1913లో మోస్లే ఆ పని మొదలెట్టాడు. గాలి తీసేసిన గొట్టంలో చిన్న ట్రాలీ, దాని మీద లోహపు ముక్కలు. దారంతో ఒక్కోదాన్నీ ముందుకు లాగి, ఎలక్ట్రాన్లతో కొట్టి, వచ్చిన ఎక్స్-కిరణాలను కొలిచాడు. ఫ్రీక్వెన్సీ వర్గమూలం ఒక్కో మూలకానికీ ఒక్కో మెట్టు చొప్పున పెరిగింది. గ్రాఫ్ గీస్తే సరళరేఖ! నికెల్ కంటే బరువైనా కోబాల్ట్ నంబరు 27, నికెల్‌ది 28. నంబరంటే కేంద్రకంలోని ఆవేశమే. గడి మారితే ఆ ఆవేశం ఒకటి పెరుగుతుంది, అదే షెల్‌లోని ఎలక్ట్రాన్లను ఇంకాస్త దగ్గరకు లాగుతుంది. మనం బట్టీ పట్టిన ట్రెండ్‌కి కారణం అదే. 43, 61, 75 సీట్లు ఖాళీ అని కూడా చెప్పాడు.

1914లో ఒక సైన్స్ సభ కోసం ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు యుద్ధం మొదలైంది. అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. అయినా తిరిగొచ్చి, తనంతట తానే రాయల్ ఇంజనీర్స్‌లో సిగ్నల్స్ అధికారిగా చేరాడు. 1915 ఆగస్టు 10న గాలిపోలిలో తూటా తగిలి చనిపోయాడు. వయసు 27. ఉన్నదంతా సైన్స్ పరిశోధన కోసం రాయల్ సొసైటీకి రాసి వెళ్లాడు.

75వ సీటు 1925లో నిండింది, 43 1937లో, 61 1945లో. ఒక్కటీ అతను చూడలేదు. ఈసారి బంగారం షాపులో క్యారట్ మీటర్ కింద అమ్మ గాజు పెట్టినప్పుడు గమనించండి. ఎక్స్-కిరణాలను బట్టి ఏ లోహం ఎంతుందో చెప్పే ఆ మెషీన్ నడిచేది మోస్లే లెక్కతోనే.