జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ప్రముఖ జన్యుశాస్త్రవేత్త. ఉత్పరివర్తనాలను, ప్రకృతి వరణాన్ని గణితంతో అనుసంధానించి, జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఒకడు. బ్రిటన్‌లో పుట్టి భారత పౌరుడైన ఇతనికి ఆంధ్రప్రాంతంతో విశేష అనుబంధం ఉంది.

బాల్యం, విద్య

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రవేత్త. చిన్ననాటి నుండే హాల్డేన్ తండ్రి ప్రయోగాలలో పాల్గొనేవాడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివాడు. విజ్ఞానశాస్త్రంలో ఇతనికి పట్టా లేదు.

ఉత్పరివర్తనాలపై పరిశోధన

1927లో జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో చేరి మొక్కల జన్యుశాస్త్రంపై కృషి చేశాడు. తోటలో ఒక టమాటా మొక్క తక్కినవాటికి భిన్నంగా కనిపించినంత మాత్రాన అది ఉత్పరివర్తనం కాదు. నేల, నీరు, తెగులు కూడా అందుకు కారణం కావచ్చు. ఆ మొక్క విత్తనాలను విడిగా దాచి, తరువాతి తరాలలో నాటి చూస్తేనే ఆ మార్పు వంశపారంపర్యమో కాదో తేలుతుంది. మనుషులలో ఇటువంటి పరీక్ష సాధ్యం కాదు. అందుచేత హాల్డేన్ గణితాన్ని ఆశ్రయించాడు. హీమోఫీలియా వ్యాధిగ్రస్తులైన పురుషులలో చాలామంది సంతానం లేకుండానే మరణించేవారు. అయినా వ్యాధి అంతరించలేదు కనుక, నశించిన జన్యువుల స్థానంలో కొత్త ఉత్పరివర్తనాలు పుడుతున్నాయని తర్కించాడు. వాటి రేటు తరానికి సుమారు 50,000కు ఒకటి అని 1935లో అంచనా వేశాడు.

భారతదేశంలో

సూయజ్ కాలువ వివాదంలో బ్రిటన్ ఈజిప్టుపై చేసిన దాడిని నిరసిస్తూ, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. ఖరీదైన పరికరాలు లేకున్నా, శ్రద్ధగా పరిశీలిస్తే శాస్త్రం సాధ్యమేనని విద్యార్థులకు నేర్పాడు. ఇతని శిష్యుడు ఎస్.కె. రాయ్ పారిజాత పుష్పాల రేకులు లెక్కించాడు. వేర్వేరు వరి రకాలను కలిపి నాటి దిగుబడిని పరిశీలించాడు.

ఆంధ్రప్రాంతంతో అనుబంధం

పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు 1957లో ఇతని శిష్యుడయ్యాడు. ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, మేనమామ-మేనకోడలు వివాహాలపై పరిశోధన చేశాడు. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే అంతర్గత ఉత్పరివర్తనం దగ్గరి బంధువుల వివాహాలలో సంతానానికి జంటగా సంక్రమించే అవకాశం ఎక్కువ కావడం ఈ పరిశోధనకు ప్రాధాన్యం కలిగించింది.

మరణం

1962లో భువనేశ్వర్ చేరి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిన హాల్డేన్, 1964 డిసెంబరు 1న క్యాన్సరుతో మరణించాడు. ఇతని కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్య, పరిశోధనల నిమిత్తం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.