సంఘాన్ని నిలదీసిన చెంచయ్యగారు

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొరగారి మిషను వారు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. ఆ తరువాత ఎనిమిదేండ్లకు నెల్లూరులో పుట్టారు పాండిపెద్ది చెంచయ్యగారు. పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే.

1901లో తండ్రితోపాటు ఆయనా క్రైస్తవుడయ్యారు. న్యాయశాస్త్రం చదివి పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

క్రీస్తును ఆయన ఎన్నడూ విడువలేదు. నిలదీసింది సంఘాన్ని. మతం మారినవాడు పుట్టినింటికి, దేశానికి పరాయివాడు కావాలా? పరదేశపు కట్టడాలు, పరదేశపు సొమ్ము లేనిదే క్రీస్తు ఇక్కడ నిలువడా? 1938లో తాంబరం మహాసభకు ముందు, మిత్రులతో కలిసి ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే గ్రంథంలో ఈ ప్రశ్నలే వేశారు. డచ్చి పండితుడు క్రేమర్ వాదాన్ని గట్టిగా ఖండించారు. మిషనరీలకు ఇది మింగుడుపడలేదు.

సంఘం లేకున్నా క్రీస్తు చాలన్నట్లు సాగిన ఆయన ధోరణి కతోలికులమైన మనకు సమ్మతం కాదు. కాని ఇంటివారిని, బంధువులను వదలి జ్ఞానస్నానం పొందినవారున్న మన విచారణలలో ఆ మొదటి ప్రశ్నను తోసిపుచ్చగలవారెవరు?

చెంచయ్యగారు 1959లో కన్నుమూశారు. పదేండ్లకు, 1969లో, మన దివ్యపూజలో హారతికి, చేతులు జోడించి నమస్కరించడానికి రోము అనుమతి వచ్చింది.